విద్యుద్వాద్యము – నాదశుద్ధి

విదేశవాద్యము, పైఁగా విద్యుత్తు చేరినది. కర్ణాటక సంగీతమునకు తగునా యని మాండొలినును గూర్చి పెక్కురు శంకించిరి. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాసుగారు ఆ శంకను వాదముతో గాక వాదనముతోనే తీర్చిరి.

సాధారణపు మాండొలినున నాలుగు జంటతంత్రులుండును. మీటిన నాదము త్వరలో నణఁగును. గమకమునకు నిలుకడ చాలదు. కావున ఆయన ఐదు ఒంటితంత్రుల విద్యుద్వాద్యమును గైకొనిరి. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలికచ్చేరి చేసిరి, 1998లో పద్మశ్రీ నందిరి, 2014లో దివంగతులైరి.

అయితే నిలుకడ నొసఁగిన విద్యుత్తే శుద్ధిని హరింపనుం గలదు. తంత్రుల క్రింది యయస్కాంతమునకు సన్నని రాగితీఁగ చుట్టినదే పికప్పు. చుట్లు మిక్కిలియైనచో దాని బలము హెచ్చును. ప్రీయాంప్లిఫయరు ఆ బలమును తాళలేనపుడు తరంగముల శిఖరములు తెగి నాదము గరగరలాడును. మెల్లని మీటును గట్టి మీటును ఒక్కరీతిగా వినవచ్చును. గమకమందలి సొగసు నశించును. పరిహారమేమన, పికప్పును తంత్రులకు కొంత దూరముగా దించి, వాద్యముకడ ధ్వనిని తగ్గించి, కడపటి యాంప్లిఫయరున పెంచుట.

న్యాల్‌కల్ బడిలో పాఠములు చెప్పిన నాకీ న్యాయము క్రొత్త కాదు. అఱచి చెప్పిన యక్షరము చెవిఁ బడును గాని మనసునఁ బడదు. మొదట శుద్ధి, పిదప బలము.