భద్రాచలానికి నాలుగు లెక్కలు

రాత్రి ఎనిమిదిన్నర. పర్ణశాల దారిలో ఓ పెంకుటిల్లు. చూరు నుంచి ధారకట్టిన నీళ్ళు కింద పెట్టిన బిందెలో పడుతున్నాయి. కరెంటు సాయంత్రమే పోయింది. నులకమంచం మీద లాప్‌టాప్, దాని వెలుగుకు మూగిన ఉసుళ్ళు. బ్యాటరీ 41 శాతం.

"చూడు తమ్మీ, నా ఊళ్ళన్నీ అంకెలైపోయినయ్," అంటున్నారు సారు.

సారు ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఏ వరదకు ఏ ఊళ్ళో ఎవరి గడప దాకా నీళ్ళొచ్చాయో రాసిపెట్టుకోవడం ఆయనకు అలవాటు. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు ఎక్కింది. ఆ రెండేళ్ళ సంగతులూ ఊరికో ఫైలు చొప్పున, పేర్లతో సహా తెలుగులోనే ఉన్నాయి. పాత మిషన్ కాబట్టి ఎవరో కుర్రాడు లినక్స్ ఎక్కించి, నల్ల తెరలో వెతకడం నేర్పి పోయాడు. నిన్న సారే ధైర్యం చేసి కొత్త వెర్షన్‌కి మార్చారు. మధ్యలో అది ఏదో అడిగిందట. ఈయన 'వై' కొట్టారట.

తెరలోకి వంగుతాను. ఫైళ్ళ పేర్లు చూపమని ఎల్‌ఎస్ అని కొడితే వరసగా వెనక్కి వాలిన గీతలు, మధ్యన మూడేసి అంకెలు. 340, 260, 255. మళ్ళీ 340, 260, 246. ఆ వెంటనే 340, 261, 215. కింద నుంచి పైదాకా అదే తంతు.

నవ్వొచ్చింది. ఇవి చెత్త అంకెలు కావు. తెలుగు అక్షరం ఒక్కోటీ డిస్కులో మూడు బైట్లుగా ఉంటుంది. ఆ బైట్లను అక్షరంగా చూపించడానికి అనుమతి లేదనుకున్నప్పుడు, ఎల్‌ఎస్ వాటిని 0 నుంచి 7 వరకు అంకెలతో రాసే లెక్కలో పెట్టి పారేస్తుంది. 340 పక్కన 260 గానీ 261 గానీ కనబడిందా, అది తెలుగే, ఇంకో భాష కాదు. ఇక్కడ మొదటిది 'భ', తర్వాత 'ద', ఆపైన పొల్లు.

"ఇది భద్రాచలమే సార్. ఊరు ఎక్కడికీ పోలేదు."

ఆయన నమ్మినట్టు లేరు. ఫైల్ మేనేజర్ తెరిచి చూపించాను. అక్కడ పేర్లన్నీ చక్కగా తెలుగులో ఉన్నాయి. అంటే ఫాంటు ఉంది, ఫైళ్ళు ఉన్నాయి. తెగినది నల్ల తెరకూ భాషకూ మధ్య పోగు. భాష సెట్టింగు చూపే లొకేల్ అని కొట్టగానే దొరికిపోయింది: ఎల్‌సీ_సీటైప్ పెట్టలేకపోతున్నాను, అలాంటి ఫైలే లేదు అని ఫిర్యాదు. సెట్టింగులో తెలుగు పేరుంది, ఆ పేరుకు తయారుకావలసిన దస్త్రం మాత్రం లేదు. అప్పుడు ప్రోగ్రాములు 'సి' అనే ఆదిమ లెక్కకు దిగిపోతాయి. దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరోటి తెలియదు.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. అయినా ఫరవాలేదు, దీనికి నెట్ అక్కర్లేదు. నానోలో లొకేల్.జెన్ ఫైలు తెరిచి, వందలకొద్దీ వరసల మధ్య టీఈ_ఐఎన్ వరస వెతికి, ముందున్న హ్యాష్ గుర్తు తీసేశాను. సుడో పెట్టి లొకేల్-జెన్ కొట్టాను. ఫ్యాను బుస్సుమంది. బ్యాటరీ 33. నల్ల తెర కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, ఎల్‌ఎస్.

ఊళ్ళు వచ్చేశాయి. సారు మంచం అంచుకు జరిగి కళ్ళజోడు సర్దుకున్నారు.

"మరి నా పట్టీ ఎందుకు వంకర?"

అడుగుతారనుకుంటూనే ఉన్నాను. ఆయన చేసుకున్న పట్టీలో ఎడమన ఊరు, కుడిన అడుగులు. అడుగుల వరస చేలో గట్టులా మెలికలు తిరిగింది. పైగా 'భద్రాచలం' కాస్తా 'భద్‌రాచలం' అయి కూర్చుంది. ఇది వెర్షన్ మార్చడం వల్ల వచ్చింది కాదు, ఎప్పటి నుంచో ఉన్నదే. సారు ఇవాళ గమనించారంతే.

ఈ నల్ల తెర, అంటే టెర్మినల్, పుట్టుకే గళ్ళ కాగితం. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 మీద 80 గళ్ళ వరసలు 24. ఇవాళ్టికీ టెర్మినళ్ళు ఆ యంత్రాన్నే అనుకరిస్తాయి. ఒక అక్షరం, ఒక గడి. ఆ బడిలో వత్తులు లేవు. 'భద్రాచలం' కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌కు ఎనిమిది. డిస్కుకు 24 బైట్లు. ఈ టెర్మినల్‌కు ఆరు గళ్ళు: పొల్లుకూ దీర్ఘానికీ గడి ఇవ్వదు, సున్నాకు మాత్రం ఇస్తుంది. 'ద్' ఒక గడిలో, 'ర' పక్క గడిలో ఉంటే వత్తు కిందికి ఎలా దిగుతుంది?

పెద్ద కంపెనీలకూ మన వత్తులు లోకువేం కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా', మధ్యన కంటికి కనబడని ఓ గుర్తుతో మెసేజీలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సర్దుకుంది.

"అయితే ఇది బాగుకాదా?"

"అక్షరం కాదు సార్. పట్టీ అవుతుంది."

వత్తులు కలిపి చూపే టెర్మినళ్ళు ఒకటీ అరా ఉన్నాయి. ఈ వానలో దింపుకునే దారి లేదు. అందుకని ఆక్ అనే ఆదేశంతో రెండు నిలువు వరసలూ తారుమారు చేశాను. అడుగులు ముందుకు, ఊరి పేరు చివరికి. అంకెలకు గళ్ళతో గొడవ లేదు. పేరు ఎంత పొడుగున్నా దాని తర్వాత నిలబెట్టవలసింది ఏమీ లేదు. ఎంటర్ కొట్టగానే 75.6 కింద 71.3 తూచినట్టు నిలబడింది.

సారు చాలాసేపు చూశారు. తర్వాత లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, ఒక వేలితో మూడో వరస కొట్టడం మొదలుపెట్టారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. పొద్దున రేడియోలో విన్న అంకె దానికింకా కాస్త తక్కువే. బ్యాటరీ 19. బయట బిందె నిండి పొర్లుతోంది.