ఈర్ష్యకు రెండు ముఖాలు: ‘మైటీ లైక్ ఎ మూస్’ (1926)

మూకీ యుగపు అమెరికన్ హాస్యచిత్రాల చరిత్ర ప్రధానంగా చార్లీ చాప్లిన్, బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్‌ల చుట్టూ సాగింది. వారి సమకాలికుడైన చార్లీ చేజ్‌కు అందులో దక్కిన చోటు స్వల్పం. హాల్ రోచ్ నిర్మాణంలో, లియో మెకేరీ దర్శకత్వంలో చేజ్ నటించిన ‘మైటీ లైక్ ఎ మూస్’ 1926లో విడుదలైంది. దాంపత్య ఈర్ష్యను హాస్యవస్తువుగా స్వీకరించిన ఈ రెండు రీళ్ల చిత్రం ఆ ఈర్ష్యలో దాగిన పురుషాధికారాన్ని బయటపెట్టిన తీరు పరిశీలించదగినది.

కథలోని మూస్ దంపతులిద్దరికీ తమ రూపం పట్ల అసంతృప్తి ఉంటుంది. భర్తవి ఎత్తుపళ్లు; భార్యది (వివియన్ ఓక్లాండ్) పెద్ద ముక్కు. ఒకరికి తెలియకుండా మరొకరు ఆ లోపాలను సరిచేయించుకుంటారు. మారిన ముఖాలతో ఎదురుపడినప్పుడు ఒకరినొకరు గుర్తించలేక, పరాయివారనుకొనే ఆకర్షితులై విందుకు వెళతారు. అక్కడ పోలీసులు దాడి చేయడంతో ఇల్లు చేరి, జరిగినదాన్ని దాచిపెట్టడానికి ఎవరి పాట్లు వారు పడతారు. తనతో సరసమాడిన స్త్రీ తన భార్యేనని భర్త ముందుగా గ్రహిస్తాడు.

ఇక్కడి నుంచి చిత్రంలోని వ్యంగ్యం పదునెక్కుతుంది. ఇద్దరి తప్పూ సమానమే అయినా, భర్త తన తప్పును పక్కనపెట్టి తీర్పరి స్థానాన్ని ఆక్రమిస్తాడు. కృత్రిమ ఎత్తుపళ్లు పెట్టుకుంటే భర్తగా, తీసేస్తే ప్రియుడిగా మారుతూ, ఆ ఇద్దరి మధ్య ఘోరమైన పోరు జరుగుతున్నట్లు భార్యను నమ్మిస్తాడు. ఈర్ష్యకు కారణమైన మూడో వ్యక్తి ఈ కథలో లేనేలేడు. ఉన్నదల్లా శిక్షించే హక్కు తనదేనన్న భర్త నమ్మకం. చేజ్ ద్విపాత్రాభినయం ఆ నమ్మకాన్నే నవ్వులపాలు చేస్తుంది.

ఈ కల్పన నిలబడటానికి మూకీ మాధ్యమమే ఆధారం. గొంతు వినిపించి ఉంటే దంపతులు తొలి పలకరింపులోనే ఒకరినొకరు పోల్చుకునేవారు. ముఖమే వ్యక్తికి ఏకైక గుర్తుగా నిలిచిన తెరపై మాత్రమే, పలువరుస మారినంత మాత్రాన మనిషి మారిపోయాడంటే ప్రేక్షకుడు అంగీకరించగలడు.

అనుమానించే దంపతుల కథను మెకేరీ టాకీ యుగంలోనూ విడిచిపెట్టలేదు. విడాకులకు సిద్ధపడిన జంటపై తీసిన ‘ది ఆఫుల్ ట్రూత్’ (1937) ఆయనకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ తెచ్చింది. అందులోనూ భార్యను శంకించే భర్త తానే అబద్ధమాడి దొరికిపోతాడు. సంభాషణల బలంతో పేరుపొందిన ఆ చిత్రంలోని నైతిక ప్రశ్న, మాటలు లేని ఈ లఘుచిత్రంలో పదకొండేళ్ల ముందే రూపుదిద్దుకుంది. 2007లో ‘మైటీ లైక్ ఎ మూస్’ అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. లఘుచిత్రాలను పక్కనపెట్టి రాసే హాస్యచిత్ర చరిత్ర ఇటువంటి కొనసాగింపులను గుర్తించలేదు.