కొల్లూరు గనుల నుంచి బందరు రేవు దాకా

ఉర్దూ మీడియం తరగతిలో చరిత్ర చెబుతూ బోర్డు మీద "బందర్" అని రాస్తే పిల్లలు పక్కున నవ్వుతారు. ఉర్దూలో బందర్ అంటే కోతి. అదే అక్షరాలతో రాసే ఫారసీ మాట "బందర్" అంటే ఓడరేవు. ఇరాన్ దేశంలో బందర్ అబ్బాస్ వుంది, మనకు మచిలీబందరు వుంది. తెలుగులో రేవు అనే చక్కని మాట వుండగా ఈ పరాయి మాట ఊరి పేరై ఎందుకు నిలిచింది? ఓడలు మోసుకొచ్చిన మాటలు ఓడలు పోయినా మిగిలిపోతాయి. లంగరు, సరంగు, లస్కరు కూడా అలా మన నోట నిలిచినవే. ఇంగ్లీషువాళ్ళ "మాన్‌సూన్" కూడా అరబ్బు నావికుల "మౌసిం" నుంచి వచ్చిందే.

మన పల్నాటికి సముద్రం లేదు. నాగులేరు, కృష్ణమ్మ, నాపరాళ్ళు, మిరప చేలు - ఇదీ మన లోకం. మరి మాచర్లవారికీ, గురజాలవారికీ బందరు రేవుతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని వుంది. ఆ రేవుకు పేరు తెచ్చిన సరుకుల్లో వొకటి మన పల్నాడు జిల్లా నేలలోంచే వెళ్ళింది. బెల్లంకొండ మండలంలో కృష్ణ ఒడ్డున వున్న కొల్లూరులో గోలకొండ సుల్తానుల కాలంలో వజ్రాల గనులు వుండేవి. కోహినూరు అక్కడిదేనని చాలామంది అంటారు గాని దానికి గట్టి రుజువు లేదు. గనులు మాత్రం నిజం. 1618-22 మధ్య బందరులో వుండిన మెథోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గనులను చూడబోయి, 30,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. తర్వాత వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది అన్నాడు. కూలివాడికి ఏడాది మొత్తం మీద దక్కేది 3 వరహాలని కూడా అతడే రాశాడు. వజ్రం విలువ తెలిసిన మనిషి, తవ్విన చేతికి ఎంత ముట్టిందో గూడా రాసిపెట్టాడు. ఆ వొక్క వాక్యం లేకపోతే ఆ వేలమంది వున్నట్టే మనకు తెలియదు.

గోలకొండ రాజ్యానికి బందరు వాకిలి వంటిది. డచ్చివారు 1605లో వచ్చారు. ఇంగ్లీషువారి "గ్లోబ్" ఓడ 1611లో వచ్చింది. అప్పటికి ఇంగ్లీషువారికి మద్రాసు లేదు, కలకత్తా లేదు. తూర్పు తీరంలో వారు మొట్టమొదట కొట్టు తెరిచింది బందరులోనే. ఫ్రెంచివారు 1669లో చేరారు. వీరికంటే ముందే ఇరానీలు, అరబ్బులు, మన తెలుగు కోమట్లు అక్కడ వ్యాపారం సాగిస్తూ వున్నారు. పెగూ, అరకాన్, అచే, బందర్ అబ్బాస్, మోఖా - ఇన్ని దిక్కులకు ఓడలు పోయేవి. సుల్తానుల ఓడలు ఎర్రసముద్రం వైపు సరుకుతో బాటు హజ్ యాత్రికులనూ, మక్కా మదీనాల పేదలకు దానంగా బియ్యాన్నీ తీసుకుపోయేవి. ఇవాళ విమానంలో కొన్ని గంటల్లో జిద్దా చేరుతున్నాం. ఆనాటి హాజీ గాలి వాలు కోసం రేవులో కాచుకుని, నెలల తరబడి నీటి మీద గడిపి, తిరిగొస్తే అల్లా దయ అనుకునేవాడు.

ఇరాన్ లోని అర్దిస్తాన్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ ఈ బందరుకు హవల్దారై, గనుల మీద పెత్తనం సంపాదించి, సొంత ఓడలు నడిపి, గోలకొండ మంత్రియై మీర్ జుమ్లా అనిపించుకున్నాడు. గనీ, రేవూ వొకే చేతిలో వుంటే ఎంత బలమో అతడి జీవితం చూస్తే తెలుస్తుంది. 1656లో అతడు మొగలాయీల పక్షం చేరేసరికి గోలకొండ వొణికింది.

అంత గొప్ప రేవులో పెద్ద ఓడ వచ్చి ఆనుకునే కట్ట ఏదీ లేదంటే వింతగా వుంటుంది. అక్కడి సముద్రం మెరక, అడుగంతా బురద. పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి ఒడ్డుకు సరుకు చేర్చింది మన పడవలు, మన పల్లెకారులు. ఈ తీరంలో వాడిన మసూలా పడవకు ఇనుప మేకు వుండదు. చెక్కలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల వచ్చి కొడితే మేకులు దిగ్గొట్టిన పడవ విరుగుతుంది, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది.

ఆ పడవల్లో ఎక్కువగా వెళ్ళిన సరుకు గుడ్డ. వజ్రాలు మూటలో పడతాయి, గుడ్డలు బేళ్ళకు బేళ్ళు. డచ్చివారు మన గుడ్డను తూర్పు దీవుల్లో ఇచ్చి లవంగాలు, జాజికాయలు కొనేవారు. ఇరాన్ వారు కలంకారీ కోరేవారు. కలం అంటే పేనా, కారీ అంటే పని. బందరు పద్ధతిలో చెక్క అచ్చులతో అద్దుతారు. ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టి నలుపు తీస్తారు. కరక్కాయ, పటిక రంగును గుడ్డకు పట్టిస్తాయి. ఎరుపుకు చిరివేరు వాడేవారు. ఈ పని పెడనలో నేటికీ సాగుతోంది.

కిందటేడు కొందరు పిల్లలతో గుంటూరు, విజయవాడల మీదుగా బందరు వెళ్ళాము. గిలకలదిండి జెట్టీ దగ్గర రంగురంగుల పడవలు, ఆరేసిన వలలు, ఐసు పెట్టెలు, చేపల వాసన. ముసలి సరంగు వొకాయన "పోటు ఎక్కితే గాని పడవ బయటికి పోదు బాబూ, మొగ పూడిపోతోంది" అన్నాడు. మూడొందల ఏళ్ళ కింద పెద్ద ఓడల్ని దూరంగా ఆపింది గూడా ఆ మెరకే. దగ్గర్లోనే బందరుకోటలో పాత ఆయుధశాల, గంట గోపురం శిథిలాలు వున్నాయి. ఊళ్ళో డచ్చివారి సమాధుల మీద చెక్కిన రాతలు చూడదగినవి. "ఇంగ్లీషువాళ్ళు దిగిన మెట్లు ఎక్కడ సార్?" అని వొక పిల్లవాడు అడిగాడు. మెట్లు లేవు నాయనా, మన కూలీల చేతుల మీదుగా పడవల్లోంచి దిగారని చెప్పాను. వాడు చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

1864 నవంబరు 1 రాత్రి తుఫాను ఉప్పెన బందరును ముంచింది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది పోయారు. దానితోనే రేవు చచ్చిపోయిందని మనవాళ్ళు కథగా చెబుతారు. నిజానికి జబ్బు ముందే పట్టింది. 1639 తర్వాత ఇంగ్లీషువారు మద్రాసును పెంచుకున్నారు. 1687లో ఔరంగజేబు చేత గోలకొండ పడింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి కోటను పట్టుకున్నాక పెత్తనమంతా వొక్క కంపెనీదే అయింది. పిమ్మట విలాయతీ మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాన్ని కూలదోసింది. బరువైన ఆవిరి ఓడలకు లోతు నీళ్ళు కావాలి. 1933లో విశాఖలో లోతైన రేవు తెరిచారు. ఉప్పెన వచ్చేనాటికే బందరు నీరసించిన రోగి.

ఇప్పుడు బందరుకు మళ్ళీ పెద్ద రేవు కట్టాలని పూనుకున్నారు. 2023 మే 22న పనులు మొదలయ్యాయి. సంతోషమే. ఇటు మన కొల్లూరు పులిచింతల జలాశయం కింద మునిగిపోయింది. గని చూపిద్దామంటే నీళ్ళే వున్నాయి. కాబట్టి మిగిలిన రాళ్ళనైనా, కోటనైనా, సమాధులనైనా చెడగొట్టకుండా చూడాలి.

సోదరులారా! మన పిల్లలకు చరిత్ర అంటే నవాబులు, కోటలు, తఖ్తులు అనే భ్రమ వుంది. మనలో అత్యధికుల పెద్దలు తఖ్తు మీద కూర్చున్నవారు కారు. గనిలో తవ్వినవారు, గుడ్డ అద్దినవారు, తెడ్డు వేసినవారు, మూట మోసినవారు. అందులో హిందువులూ, ముస్లిములూ అందరూ వున్నారు. ఇళ్ళలో పాత దస్తావేజులు, ఫారసీ కాగితాలు వుంటే చిత్తు కాగితాల కింద అమ్మవద్దు, చదవగలిగినవారికి చూపండి. వేసవిలో పిల్లలను వొక్కసారి బందరుకు తీసుకుపోండి. లడ్డూలు కొనివ్వండి, జెట్టీ మీద నిలబెట్టండి, కొల్లూరు వజ్రం ఎవరి చేతుల మీదుగా సముద్రం దాటిందో చెప్పండి. మనం చెప్పకపోతే వారికి చెప్పేవారు లేరు.