కూత ఆగిన గిరణ్‌గావ్

ముంబయి నడిబొడ్డున ఒకప్పుడు పేటలకు పేటలే మిల్లు కూతతో నిద్ర లేచేవి. అక్కడివాళ్లు దాన్ని భోంగా అనేవారు. అది మోగితే పొయ్యి వెలగాలి, నల్లా దగ్గర వరుస కట్టాలి, రాత్రి పాళీ వాడికి పక్క ఖాళీ చేయాలి. పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ, శివడీ, వర్లీ, ప్రభాదేవి, అన్నీ కలిసి గిరణ్‌గావ్. మరాఠీలో మిల్లుల ఊరు. ఇవాళ అక్కడ దిగితే తల వెనక్కి వాల్చి చూడాల్సిన అద్దాల మేడలున్నాయి. ఊరు మాత్రం లేదు. అది ఒక్క దెబ్బకు కూలలేదు. ముందు పని పోయింది, తర్వాత నేల పోయింది, చివరికి మనుషులు పోయారు.

1856లో తాడ్‌దేవ్‌లో కావస్‌జీ దావర్ మిల్లు నూలు వడకడం మొదలుపెట్టింది. ఆ వెనుక మిల్లులు వరసగా లేచి ఉత్తరానికి పాకాయి. కొంకణ్ నుంచి, సతారా, కొల్హాపూర్‌ల నుంచి మగవాళ్లు వచ్చారు. మగ్గం కూడు పెట్టని రోజుల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల పద్మశాలీలూ మూట కట్టుకుని బొంబాయి బాట పట్టారు. వాళ్లకంటే ముందే కూలికి, కట్టుబడి పనికి వచ్చిన కామాటీల పేరు కామాఠీపురాకు నిలిచిపోయింది. నేత పని చేతిలో ఉన్నవాళ్లకు వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో చోటు దొరికింది. పిల్లలకు మునిసిపాలిటీ తెలుగు బడులు పెట్టింది. అమావాస్యనాడు బతుకమ్మ పేర్చే చేతులు ఆ గల్లీల్లోనూ ఉండేవి.

చాల్ అంటే వరండా పొడుగునా ఒకదాని పక్కన ఒకటి గదులు. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో పది పన్నెండు మంది. కొందరు పనిలో ఉంటే కొందరు నిద్రలో. వాళ్లకు వండిపెట్టింది ఖానావళి నడిపే ఆడవాళ్లు. నెలాఖరున జీతం అందాకే లెక్క తేల్చుకునేవారు. ఆ ఆడవాళ్లు వడ్డీవ్యాపారుల చేతిలో నలిగిపోతుంటే 1975లో ప్రేమా పురవ్ వాళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండలి స్థాపించింది. 1928లో గిర్నీ కామ్‌గార్ యూనియన్ నెలల తరబడి సమ్మె నడిపిందన్నా, మరాఠీవాళ్లకు ఒక్క రాష్ట్రం కావాలన్న సంయుక్త మహారాష్ట్ర ఉద్యమానికి జనం వెల్లువెత్తారన్నా, ప్రజాగాయకులు అణ్ణాభావు సాఠే, అమర్ షేక్‌ల గొంతు కూడళ్లలో మారుమోగిందన్నా, ఫుట్‌పాత్ మీద దొరికిన పసివాడిని ఒక మిల్లు కార్మికుడు పెంచితే ఆ బిడ్డ నారాయణ్ సుర్వే అనే కవి అయ్యాడన్నా, ఆ నేల మహిమే. లాల్‌బాగ్‌చా రాజా గణపతిని 1934లో నిలబెట్టుకున్నదీ ఈ పేటలోని బెస్తలు, చిల్లర వర్తకులే.

ఆ బతుకు స్వర్గమని ఎవరూ అనుకోనక్కర్లేదు. అంతస్తుకంతా కలిపి మరుగుదొడ్లు, బిందెల కోసం తగవులు, ఊపిరితిత్తుల్లో దూది దుమ్ము. తలుపు వేసుకుంటే తనదనిపించే రెండు గదులు కావాలని ఏ ఇల్లాలు కోరుకున్నా అది అత్యాశ కాదు. ఇరుకు పోవాలని అందరూ అనుకున్నారు. ఇరుకుతోపాటు తామే పోవాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. కార్మిక నాయకుడు డాక్టర్ దత్తా సామంత్ వెనుక దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు వదిలి బయటికొచ్చారు. బోనస్, జీతం, వేరొకరి బదులు పనికి వచ్చే బద్లీ కార్మికులకు ఖాయం పని, వీటితోపాటు ఇంకో పట్టుదల కూడా ఉంది. 1946 నాటి చట్టం ప్రకారం కార్మికుల తరఫున మాట్లాడే హక్కు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌దే. ఆ సంఘాన్ని కార్మికులు నమ్మరు; దాని గుత్తాధిపత్యం పోవాలన్నారు. ప్రభుత్వం దిగిరాలేదు. నెలలు గడిచాయి. ఊళ్లో చెలక ఉన్నవాడు ఊరికి పోయాడు, లేనివాడు ఆలి పుస్తె తాకట్టు పెట్టాడు. ఖానావళుల్లో బాకీల చిట్టాలు పెరిగాయి. ఈలోగా బట్ట ఆగలేదు; భివండీ పవర్‌లూమ్‌ల మీద నేసి వచ్చింది. 1983లో కేంద్రం పదమూడు మిల్లుల నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. లక్షమందికి పైగా మళ్లీ గేటు లోపలికి అడుగు పెట్టలేకపోయారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు.

ఓడిన సమ్మె ఒక ఊరిని పేదను చేస్తుంది, అంతేగాని ఊరిని చెరిపేయలేదు. చెరిపేసే పని తర్వాత కాగితాల మీద జరిగింది. యంత్రం కంటే దాని కింది నేల ఎన్నో రెట్లు పలుకుతున్నదని యజమానులకు అప్పటికే తెలుసు. మిల్లుల కింద ఉన్నది సుమారు 600 ఎకరాలు. 1991లో నగర అభివృద్ధి నియమావళిలో 58వ నిబంధన వచ్చింది. మిల్లు భూమిని అమ్మాలన్నా కట్టాలన్నా సుమారుగా మూడు పాళ్లు చేయాలి: ఒకటి పార్కులకూ మైదానాలకూ నగరపాలక సంస్థకు, ఒకటి సామాన్యుల ఇళ్లకు గృహనిర్మాణ సంస్థ మాడాకు, మిగిలింది యజమానికి. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా కమిటీ ఈ నేలను ముక్కలుగా కాక ఒక్కటిగా చూసి ప్రణాళిక వేయమంది. ఆ నివేదిక అటక మీదికి పోయింది. యజమానులు మాత్రం ఆగి చూశారు.

2001లో ఆ నిబంధనను సవరించారు. మూడు పాళ్లూ అలాగే ఉన్నాయి. లెక్కకట్టే మొత్తమే మారింది. ఇకమీదట మొత్తం భూమిలో కాదు, కట్టడం లేని ఖాళీ జాగాలో మాత్రమే పంపకం. మిల్లు అంటేనే షెడ్ల మీద షెడ్లు. అందులో ఖాళీ జాగా ఎంత ఉంటుంది? నగరానికి రావలసిన వందల ఎకరాలు పదుల్లోకి జారిపోయాయి. 2005లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ తన మిల్లులను వేలానికి పెడితే ముంబయి టెక్స్‌టైల్ మిల్ ఒక్కటే 702 కోట్లు పలికింది. అదే ఏడు అక్టోబరులో, ఆ సవరణ మీద వేసిన కేసులో, బాంబే హైకోర్టు పౌరుల వైపు తీర్పు చెప్పింది. ఆ ఊరట ఆర్నెల్లు కూడా నిలవలేదు. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పొగగొట్టాలు వరసగా కూలాయి.

కూలిన చోట మేడలు లేచాయి. శ్రీనివాస్ మిల్లు నేల మీద లేచిన వరల్డ్ వన్ 280 మీటర్లు. అసలు అంతకంటే ఎంతో ఎత్తు కట్టాలనుకున్నారు, విమానాల దారికి అడ్డమని అనుమతి దొరకలేదు. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. బిల్డర్ల ప్రకటనల్లో లోయర్ పరేల్ ‘అప్పర్ వర్లీ’గా మారింది. మిగిలిన చాళ్లకూ రీడెవలప్‌మెంట్ వచ్చింది. పాత అద్దెదారులకు ఉచితంగా ఇల్లు, దానికి బదులు బిల్డరుకు అదనపు ఎఫ్ఎస్ఐ, అంటే అదే నేల మీద ఇంకా ఎక్కువ కట్టుకునే హక్కు. ఒకే ఆవరణలో రెండు టవర్లు లేచాయి, ఒకటి పాతవాళ్లకిచ్చే రీహాబ్, రెండోది అమ్మకానికి. గేట్లు వేరు, లిఫ్టులు వేరు. ఇల్లు ఉచితమే గాని లిఫ్టుకు, పంపుకు, కాపలాకు నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి. రిటైరైన మిల్లు మనిషి చేతికి ఆ డబ్బు ఎక్కడిది? కొన్నాళ్లు కట్టి, తర్వాత ఫ్లాటు అమ్మి దూరపు విరార్‌కో కల్యాణ్‌కో తరలిపోయాడు. తరిమినవాడు కనబడడు, ఊరు మాత్రం ఖాళీ అయింది.

తప్పు ఎత్తుది కాదు. చాళ్లలో కిక్కిరిసిన జనం ఈ టవర్లకంటే తక్కువేమీ కాదు. చాల్‌లో వరండా దాటకుండా ఎవరూ ఇంటికి పోలేరు. పండగైనా చావైనా పది గుమ్మాలకు తెలిసి తీరేది. టవర్‌లో కారు నేలమాళిగలోకి దిగుతుంది, లిఫ్టు పైకి పోతుంది. కింది వీధితో దానికి పని లేదు.

ఆ వీధి మాత్రం భారం మోసింది. మిల్లుల కాలపు రోడ్లు, మిల్లుల కాలపు రైల్వే వంతెనల మీదికి ఆఫీసుల జనం వచ్చి పడ్డారు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. సరిగ్గా మూడు నెలలకు, డిసెంబరు 29న, కమలా మిల్స్ ఆవరణలోని పబ్బుల్లో నిప్పంటుకుని 14 మంది పోయారు. ఉమ్మడి ప్రణాళికను అటకెక్కించిన ఖరీదులో అదొక వాటా.

కార్మికులకు ఇళ్లు అసలే రాలేదని కాదు. చీటీలు తీసి పంచారు: 2012 లాటరీలో 6,925, 2020లో బాంబే డయింగ్, శ్రీనివాస్ మిల్లుల చోట 3,894 ఇళ్లు వచ్చాయి. దరఖాస్తులు దాదాపు లక్షన్నర. తర్వాత శేలు, వాంగణి లాంటి దూరపు ఊళ్లు చూపిస్తే, మా చెమట ఇంకిన ముంబయిలోనే ఇవ్వమని ముసలివాళ్లు మళ్లీ జెండా పట్టారు. పేరు చీటీలో వచ్చేలోగా కన్నుమూసినవాళ్లెందరో.

మన వరంగల్ ఆజంజాహి మిల్లు కథ కూడా దీనికి దూరపుది కాదు. 1934 నాటి ఆ మిల్లు అదే టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతుల్లో మూతపడింది, ఆ నేల ప్లాట్లయింది. మిల్లులకు కాలం చెల్లిందనే మాటలో నిజముంది. కాలం చెల్లింది నూలుకే, నేలకు కాదు. ఆ నేల మీద మేడలతోపాటు మైదానాలూ, సామాన్యుడి ఇళ్లూ ఉండాలని 1991లో ప్రభుత్వమే రాసింది. పదేళ్లకు ప్రభుత్వమే దిద్దేసింది. గిరణ్‌గావ్ విషాదాన్ని విధి ఖాతాలో రాయలేం. దానికి తేదీలున్నాయి, సంతకాలున్నాయి.