పటమెక్కని ఊళ్ళు



మన భాషలో ‘పటం’ అన్న మాట విచిత్రమైనది. బడిగోడకు వేలాడే దేశపటమూ పటమే. చేర్యాల నకాషీలు గుడ్డపై చిత్రించగా కథకులు విప్పి చూపే కులపురాణమూ పటమే. మా చిన్ననాట శివరాత్రి జాగరణలో గవ్వలు వేసి ఆడిన వైకుంఠపాళి కూడా పరమపదసోపాన పటమే. భూమికీ, కథకూ, ఆటకూ ఒక్క మాటే సరిపోయింది. అచ్చువేసిన దేశపటంపై పావులు నడిపే ఆట మాత్రం ఐరోపాలో పెరిగినది. దాని చరిత్ర చదివినప్పుడల్లా నేను చేసిన ఒక పొరపాటు గుర్తుకు వస్తుంది.

ఫ్రెంచి భూగోళవేత్త పియేర్ దువాల్ 1645లో ‘ప్రపంచపు ఆట’ అనే పేరుతో ఒక పటాన్ని ప్రకటించాడు. మొత్తం 63 గడులు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క దేశపు చిన్న పటం. లోకమంతా చుట్టి చివరి గడి చేరినవాడిదే గెలుపు. ఆ చివరి గడి ఫ్రాన్సు! లండనులో జాన్ జెఫ్రీస్ 1759లో ‘ఐరోపా యాత్ర’ను వెలువరించాడు. అందులో చివరకు చేరేది లండనే. దారిలో రోము గడిలో పడినవాడు పోపుగారి పాదాన్ని ముద్దాడిన నేరానికి చలిదేశమైన ఐస్లాండుకు పోవలసిందే. వైకుంఠపాళిలో పాము నోట పడడం వంటిదే ఇదీను. అయితే మన పాము దుర్గుణాన్ని శిక్షిస్తుంది; వారి పాము పరమతాన్ని శిక్షించింది.

ఆ తరువాత పటంపైకి యుద్ధం వచ్చింది. జగిత్యాల కోటను చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టించారని చెప్పే ఆ కోట నక్షత్రాకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. ముందుకు పొడుచుకువచ్చిన ఒక్కొక్క కోణం పక్కగోడను కాపాడుతుంది. రాయి పేర్చక మునుపే కాగితంపై గీతలతో శత్రువును అడ్డుకొనే విద్య అది. ప్రష్యాలో ఆ విద్యే ఆటగా మారింది. రైస్విట్జ్ అనే సైనికాధికారి, తన తండ్రి మొదలుపెట్టిన ఆటను మెరుగుపరచి, 1824లో నిజమైన నేలపటాలపై దిమ్మెలను దళాలుగా నడిపే యుద్ధక్రీడను ప్రకటించాడు. పటం కొలత ఎనిమిదివేలకు ఒకటి. అది సైనిక శిక్షణలో భాగమైంది.

1957లో ఫ్రెంచి చలనచిత్ర దర్శకుడు ఆల్బెర్ లమోరీస్ ‘ప్రపంచ విజయం’ అనే ఆటను తెచ్చాడు. అదే తరువాత ‘రిస్క్’ అయింది. అందులో లోకమంతా 42 ముక్కలు. మన దేశం మొత్తం ఒక్క ముక్క. 1959లో అమెరికాలో ఆలన్ కాలమర్ వెలువరించిన ‘డిప్లమసీ’లో పాచికలే లేవు; మాట ఇవ్వడం, మాట తప్పడం మాత్రమే ఆయుధాలు. 2004 నాటి ‘టికెట్ టు రైడ్’లో రాజ్యాలు పోయి రైలుదారులు వచ్చాయి. ఇంతమంది గీసినా, పటానికి నడుమ ఏ ఊరుండాలో, ఏ ఊరు అసలు ఉండనక్కరలేదో నిర్ణయించినవాడు ఎప్పుడూ గీసినవాడే.

నేను చేసినదీ అదే. 1990ల్లో సిరిసిల్లలో పనిచేస్తుండగా, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు సెలవులో ఉన్న రోజుల్లో, ఒక పెద్ద అట్టపై కరీంనగర్ జిల్లా పటం గీసి పిల్లలచేత గవ్వలాట ఆడించాను. సిరిసిల్లలో బయలుదేరి వేములవాడ, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి దాటి కరీంనగర్ చేరాలి. వేములవాడలో కోడె మొక్కు చెల్లిస్తే మరొక పందెం. ధర్మపురిలో గోదావరి పొంగితే ఒక పందెం ఆగాలి. నా తెలివికి నేనే మురిసిపోతుండగా ఒక పిల్లవాడు లేచి, “సార్, మా నాయిన భివండిల సాంచెలు నడుపుతడు. గీ పటంల భివండి లేదు గద?” అన్నాడు.

సమాధానం తోచలేదు. ఆ తరగతిలో ఎందరి తండ్రులు భివండిలో ఉన్నారో నాకు తెలియనిది కాదు, తెలిసీ గీయలేదు. మరునాడు పడమటి అంచున ఒక కాగితం అతికించి భివండి గడి వేశాను. తరువాత కోరుట్లకు బదిలీ అయితే, అక్కడి పిల్లల కోసం దుబాయి మరొక ముక్కగా వచ్చి చేరింది. చివరి గడిని కూడా మార్చాను. దువాల్ ఫ్రాన్సును పెట్టుకున్నట్లు నేను జిల్లా కేంద్రాన్ని పెట్టాను కదా. దానిని చెరిపి ‘ఇల్లు’ అని రాశాను. ఎవరు ముందుగా ఇల్లు చేరితే వారిదే గెలుపు.

2016 అక్టోబరులో ఆ జిల్లాయే ముక్కలైంది. కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి పోయింది. సిరిసిల్ల వేరే జిల్లా అయింది. నా అట్టపై హద్దులన్నీ చెల్లని హద్దులే. అయినా దానిని పారవేయలేదు. అతికించిన ఆ రెండు ముక్కలలో తప్పేమీ లేదు మరి.

మీ చిన్ననాట మీ ఊరు ఉన్న పటంపై మీరు ఆడిన ఆట ఏదైనా గుర్తుంటే తెలుపగోరుతాను. సెలవు.