విద్యాప్రమాణములు, కొలతలు: ఖమ్మము – భద్రాచల సీమలనుండి ఒక చారిత్రక పరిశీలనము

బాలుర చదువు నానాటికి దిగజారుచున్నదను మాట ప్రతి తరమునందును వినబడుచునే యున్నది. ఆ మాట నిజమా కాదా యని విచారించుటకు ముందు, చదువును కొలిచినవారెవరు, ఏ భాషలో కొలిచిరి, ఏ ప్రయోజనమునకై కొలిచిరి యను మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుట చరిత్రకారుని విధి. తెలుగు దేశమున ఈ వివాదమునకు రెండు శతాబ్దుల చరిత్ర కలదు. దానిని స్థూలముగ పరిశీలించి, అంతర్జాతీయ పరీక్షలపై ఇటీవల జరిగిన వాదమును ఆ వెలుగులో చూచుట ఈ వ్యాసోద్దేశము.

చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో పాఠశాలల లెక్కలు సేకరింపుమని కలెక్టర్ల నాజ్ఞాపించెను. ఆ లెక్కలను సమీక్షించుచు 1826లో ఆతడు వ్రాసిన నివేదికనుబట్టి రాజధాని యంతట 12,498 పాఠశాలలుండెను. మొత్తము జనసంఖ్యతో పోల్చగా, 67 మందికి ఒక్కడే చదువుచున్నట్లు తేలెను. అయితే మన్రో అంతటితో ఆగలేదు. స్త్రీలను లెక్కనుండి తొలగించి, చదువుకొను వయసున నున్న మగపిల్లలను మాత్రమే గణించి, ఇండ్లయందు చదువుకొనువారినిగూడ చేర్చినచో, బాలురలో మూడవవంతునకు సమీపముగ విద్య లభించుచున్నదని నిర్ణయించెను. లెక్క ఒక్కటే, ఫలితములు రెండు. దేనిని దేనితో భాగించితిమను దానిపై తీర్పు ఆధారపడి యుండెను. ఈ గణనలో బాలికలు అభావముగ మిగిలిపోయిన విషయమును పాఠకులు గమనింపవలెను.

బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఇంకను విలువైనది. ఆ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. వానిలో 226 తెలుగు బడులు. సంఖ్యలు చెప్పి ఊరకుండక, బాలురు పద్యములను కంఠస్థము చేయుచు వాని యర్థమెరుగకున్నారనియు, కావ్యభాష వాడుకభాషకు దూరమగుటయే అందులకు కారణమనియు ఆతడు వ్రాసెను. ప్రజల దారిద్ర్యము వలనను, పూర్వము పాలకులొసగిన పోషణ లోపించుట వలనను బడులు క్షీణించుచున్నవనిగూడ తెలిపెను. ప్రమాణము తగ్గుటకు బాలుని బుద్ధిలోపము కాక భాషయు, ధనాభావమును హేతువులని చెప్పిన తొలి సాక్ష్యములలో ఇది యొకటి.

ఇక మన సరిహద్దు సీమకు వత్తము. గోదావరి ఎడమగట్టుననున్న భద్రాచల ప్రాంతము 1860లో నిజామునుండి ఆంగ్లేయుల వశమై, మొదట మధ్యపరగణాలలో చేరి, 1874లో చెన్నరాజధానికి మారెను. ఖమ్మము నిజాము రాజ్యముననే నిలిచెను. ఒకే అడవికి రెండు వైపుల రెండు విద్యావిధానములేర్పడెను. చెన్నరాజధానిలో పరీక్షాఫలితములనుబట్టి పాఠశాలలకు గ్రాంటు నిచ్చు పద్ధతి యుండెను. ఇది 1862లో ఇంగ్లండున వెలసిన విధానమునకు ప్రతిబింబము. తనిఖీ అధికారి యడుగు ప్రశ్నలకు బాలురు చెప్పు జవాబులపై బడి రాబడి ఆధారపడగా, బోధన వల్లెవేతగ మారెను. 1904లో భారత ప్రభుత్వమే తన విద్యావిధాన తీర్మానమున ఈ పద్ధతిని విడనాడవలెనని చెప్పవలసి వచ్చెను.

ఆవల నిజాము రాజ్యమున రాజభాషయైన ఉర్దూ విద్యాద్వారమున నిలిచెను. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య గరపి కీర్తి గాంచినది. అది గొప్ప ప్రయోగమే. కాని తెలుగు బాలునకు ఆ దేశభాష తనది కాదు. మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని 1930 నుండి నిజామాంధ్ర మహాసభ కోరుచు వచ్చెను. ఆ మహాసభ 1934లోను, 1945లోను ఖమ్మమునందే సమావేశమయ్యెను.

తెలుగే బోధనభాషయైన చోటను వివాదము తీరలేదు. 1911–14 సంవత్సరముల నడుమ స్కూలు ఫైనలు వ్యాసరచనలో వ్యావహారికమునకు తావుండవచ్చునా యను వాదము చెలరేగెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుగారలు ఒకవైపునను, జయంతి రామయ్యగారు, ఆంధ్రసాహిత్య పరిషత్తువారు మరియొకవైపునను నిలిచిరి. వ్యావహారికమును అనుమతించిన ప్రమాణము పడిపోవునని ఒకరు, బాలునికి రాని భాషలో పరీక్షించుట ప్రమాణమే కాదని మరియొకరు. క్యాంప్‌బెల్ చూచిన లోపమే తొంబది యేండ్లకు వాదరూపము దాల్చెను.

అంతర్జాతీయ పరీక్షలు మనకు క్రొత్తవి కావు. 1970 ప్రాంతమున జరిగిన విజ్ఞానశాస్త్ర పరిశీలనలో భారతదేశము హిందీ ప్రాంతముల మేరకు పాల్గొనెను. పదునైదేండ్ల విద్యార్థులకై ఓఈసీడీ సంస్థ నడపు పీసా పరీక్షలో తమిళనాడు, హిమాచలప్రదేశములు మాత్రమే చేరగా, 2011 డిసెంబరున ఫలితములు వెలువడెను. 74 ప్రాంతములలో ఆ రెండును చివరి వరుసలో, కిర్గిజ్‌స్తానుకు సమీపమున నిలిచెను. ప్రశ్నలు మన బాలుర జీవనమునకు పొసగవని కేంద్ర ప్రభుత్వము తరువాతి పర్యాయములలో పాల్గొనలేదు. 2019లో తిరిగి చేరుటకు ఒప్పందము కుదిరెను. కేంద్రీయ, నవోదయ విద్యాలయములను, చండీగఢ్‌ను పంపదలచిరి. కోవిడ్ వలన 2021 పరీక్ష 2022కు జరుగగా, భారతదేశము అప్పుడును పాల్గొనలేదు.

ప్రభుత్వవాదమున కొంత సత్యము కలదు. ఎరుగని జీవితమును గూర్చిన ప్రశ్న జ్ఞానమును గాక పరిచయమును కొలుచును. అయినను ఆ వాదము సంపూర్ణము కాదు. 2005 నుండి ప్రథమ్ సంస్థ గ్రామములయందు ఇంటింటికి పోయి, ప్రాంతీయభాషలలో, సులభవాక్యములతో జరిపిన పరిశీలనయందును అయిదవ తరగతి బాలురలో దాదాపు సగముమంది రెండవ తరగతి పాఠమును చదువజాలకుండిరి. కొలబద్ద పరాయిదని త్రోసివేసినవారికి సొంత కొలబద్దయు అదే చెప్పినది. ఎంచిన పాఠశాలలను మాత్రము పంపబూనుటయు మన్రో నాటి భాగహారమునే జ్ఞప్తికి తెచ్చుచున్నది.

తరువాత ప్రమాణవాదము ఆంగ్లమాధ్యమ వాదముగ పరిణమించెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిలున హైకోర్టు కొట్టివేసెను. తెలంగాణమున 2022–23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించెను. ఆంగ్లము లేనిదే కొలువు లేదని తల్లిదండ్రులు తలచుట సహేతుకమే. ఆ కోర్కెను భాషాద్రోహమని నిందించుట న్యాయము కాదు.

కాని ఖమ్మము జిల్లా తిరుమలాయపాలెము వంటి మండలమున నిలిచి చూచినచో ప్రశ్న మారును. ఆ ప్రాంతపు తండాలలో బాలుడు ఇంట లంబాడీ పలుకును, బడిలో తెలుగును, పుస్తకమున ఆంగ్లమును ఎదుర్కొనును. భద్రాచలపు అడవులలో కోయ బాలుని స్థితియు ఇట్టిదే. 2004లో ఉమ్మడి రాష్ట్రమున కోయ, బంజారా మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధన కారంభమైన యత్నము సరియైన దిశలో వేసిన యడుగు. తెలుగువారు ఉర్దూ నాడు ఏ న్యాయమును కోరిరో, ఆ న్యాయమునే ఈ బాలురును కోరదగుదురు.

కావున పరీక్షను వర్జించుట మేలు కాదు, దాని ఫలమును బాలునిపై నేరముగ మోపుటయు మేలు కాదు. ఏ భాషలో నేర్పితిమో, ఎంత వెచ్చించితిమో, ఎవరిని లెక్కనుండి తొలగించితిమో తెలిపిన పిమ్మటనే ఏ ఫలితపట్టికయైనను ప్రమాణమను పేరునకు అర్హమగును. పరిశోధక విద్యార్థులు మన గ్రామముల పాత బడిలెక్కలను ఈ దృష్టితో మరల చదువుదురుగాక.