రోబో: వెట్టి నుండి పుట్టిన మాట

రోబో యనఁగానే మనము ఉక్కుమేనితో నడచు మరమనిషిని తలఁతుము గాని, ఆ మాట పుట్టినచోట ఉక్కు లేదు, ఉన్నది వెట్టి. చెక్ భాషలో ‘రోబోత’ యనఁగా భూస్వామి పొలమున రైతు కూలి లేక చేయు చాకిరి. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యమున 1848లో ఆ చాకిరి రద్దయ్యెను గాని మాట నిలిచెను.

చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకములోని కృత్రిమమానవులకు మొదట ‘లాబోరి’ యను పేరు తలపోసి, అది మరీ పుస్తకపుమాటగాఁ దోఁపఁగా, చిత్రము వ్రాయుచున్న యన్న యోసెఫ్ కడకుఁ బోయెనఁట. ఆయన కుంచె నోటఁ గఱచుకొనియే ‘రోబోతు లనుము’ అని గొణిగెనఁట. పరిభాషాసంఘములు ఏండ్లతరబడి కూర్చుండియు సాధింపలేని పని యది!

1920లో అచ్చయి మఱుసటియేఁడు ప్రాగు నగరమున ఆడిన ఆ ‘ఆర్.యు.ఆర్.’ నాటకమున ఈ జీవులు లోహమయులు కారు: తొట్లలో పిండివలెఁ బిసికిన పదార్థమే వారి మేను, నూలువలె వడికినవి వారి నరములు. ముసలి రోసుమ్ ఆ పదార్థమును కనిపెట్టఁగా, ఇంజనీరగు యువ రోసుమ్ ఆనందాదులను అనవసరములని తీసివైచి, పనికిఁ జాలు దేహమును మాత్రము మిగిల్చెను. తమ పని పోయిన కార్మికులు తిరుగఁబడఁగా, వారి నణచుటకు రోబోల చేతికి ఆయుధము లిచ్చిరి. పిదప ప్రభుత్వములు రోబోలనే సైనికులఁ జేసెను.

తెలుగున ‘రోబోట్’ చివరి టకారము జారి ‘రోబో’ యైనది. ‘మరమనిషి’ చక్కని మాటయే కాని, నూనెమర, బియ్యపుమర లెఱిఁగిన చెవికి అందులో ఇనుపచప్పుడే వినవచ్చును. సంస్కృత ‘విష్టి’కి వికృతియైన మన ‘వెట్టి’తో కూర్చియుండినచో మూలార్థము చెడకుండెడిది.